కష్టదినములలో ధైర్యము నిలుపు నిత్యాభ్యాసములు

మనుష్యునకు వచ్చు కష్టములు రెండు విధములు. ఒకటి పిడుగువలె వచ్చి పడునది. రెండవది పిడుగు పడిన పిమ్మట మిగులునది. మొదటిదానికి లోకము కొంత యేర్పాటు చేసియే యున్నది. ఇంటిలో నొకరు గతించిరనగానే ఇరుగుపొరుగువారు పరుగెత్తి వత్తురు. పొయ్యి రాజకున్నను పొరుగింటినుండి అన్నము వచ్చును. ఏనాడు ఏ కార్యము జరుగవలెనో పెద్దలు చెప్పుదురు. దుఃఖములో మునిగినవాడు తనంతట తాను నిర్ణయింపవలసినది యించుమించుగా నేమియు నుండదు. పదుమూడవనాటికి కర్మలు ముగియును. బంధువులు రైళ్లును బస్సులును ఎక్కుదురు. అద్దెకు తెచ్చిన గుండిగలును చాపలును తిరిగి పోవును. పదునాలుగవనాటి యుదయమున ఆ యింటిలో మేల్కొనువానికి ఆనాడేమి చేయవలెనో చెప్పువాడు లేడు. మేమీ వ్యాసములో విచారింపదలచినది ఆ పదునాలుగవనాటిని గూర్చియు, దానివంటి దినములను గూర్చియు.

అట్టి దినములు మరణమువలననే రావు. ఉద్యోగము పోయినవాని మూడవ నెల, పంట పోయిన రైతునకు పత్రము గడువు సమీపించు మాసము, పరీక్ష తప్పిన విద్యార్థి వేసవి, పక్షవాతమున పడిన తండ్రికి పరిచర్య చేయు కుమార్తెకు రెండవ సంవత్సరము, ఏండ్ల తరబడి తెగని దావా — ఇవన్నియు నా జాతివే. వీనిలో గలభా యుండదు. చూడవచ్చువా రుండరు. న్యాయవాదవృత్తిలో నున్నవారమగుటచే ఇట్టి దినములను మేము తఱచుగా చూచుచుందుము. మా గడప నెక్కువారిలో సంతోషముతో వచ్చువా రరుదు కదా.

ఈ దినములను గూర్చి మన లోకమున నొక నమ్మకము గాఢముగా నాటుకొని యున్నది. ముందు మనస్సున కుత్సాహము కలుగవలెను, పిమ్మట కాలుసేతులు కదలును అని. కావుననే దుఃఖితుడు “కొంచెము మనస్సు కుదుటబడనిండు, అప్పుడు లేచెదను” అనును. ఇంటివారును “పోనిండు, పడుకొననిండు” అందురు. మొదటి కొన్ని దినముల కది న్యాయమే. నెలల తరబడి సాగినచో మాత్రము పడుకొన్నకొలది మనస్సు కుదుటబడుటకు మాఱుగా మఱింత క్రుంగును. స్నానము మానినవాడు నలుగురిలోనికి పోజాలడు. నలుగురిలోనికి పోనివానిని పలుకరించువారుండరు. పలుకరింపు లేనివానికి స్నానము చేయుటకు కారణము కనబడదు. గానుగెద్దు తిరిగిన దారినే తిరుగునట్లు మనస్సు ఈ త్రోవలోనే తిరుగుచుండును.

అమెరికాలో ఓరిగన్ విశ్వవిద్యాలయమున పీటర్ లెవిన్‌సన్ అను మనశ్శాస్త్రజ్ఞుడు 1970 తరువాతి సంవత్సరములలో ఈ తిరుగుడునే పరిశీలించెను. మనస్సు క్రుంగినవాడు పనులు తగ్గించుకొనును, పనులు తగ్గినకొలది వానివలన వచ్చు చిన్న చిన్న తృప్తులు తగ్గును, తృప్తులు తగ్గినకొలది మనస్సు మఱింత క్రుంగును అని యాయన చెప్పెను. 1996లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన నీల్ జేకబ్‌సన్ తన సహచరులతో గూడి, మనోవ్యాకులతకు చేయు ప్రసిద్ధ చికిత్స నొకదానిని భాగములుగా విడదీసి చూచెను. ఆ చికిత్సలో రోగి తలంపులను సరిదిద్దు భాగ మొకటి, దినచర్యలోనికి పనులను కొద్దికొద్దిగా తిరిగి తెచ్చు భాగ మొకటి కలదు. పనుల భాగమును మాత్రమే పొందినవారు, మొత్తము చికిత్స పొందినవారితో సమానముగా కోలుకొనిరి.

ఇది దూరదేశపు సంగతి యని త్రోసివేయుటకు వీలులేదు. మన దేశముననే గోవాలోని పది ప్రాథమికారోగ్య కేంద్రములలో ‘సంగాత్’ అను సంస్థవారు ఇదే మార్గమును పరీక్షించిరి. గాఢమైన వ్యాకులతతో వచ్చిన 495 మందిని రెండు వర్గములుగా విభజించిరి. ఒక వర్గమునకు కేంద్రములోని వైద్యసహాయము మాత్రమే యందెను. రెండవ వర్గమునకు దానితోపాటు, వైద్యులు కాని స్థానికులు కొందఱు శిక్షణ పొంది ఆఱు మొదలు ఎనిమిది పర్యాయములు కలిసి కూర్చుండి, రేపేమి చేసెదరు, ఎల్లుండి యేమి చేసెదరు అని విచారించి చిన్న పనుల నేర్పఱచిరి. మూడు నెలల పిదప చూడగా, వ్యాకులత తొలగినవారు మొదటి వర్గమున నూటికి 39 మంది, రెండవ వర్గమున 64 మంది. ఈ ఫలితము 2017లో లాన్సెట్ అను వైద్యపత్రికలో వెలువడెను. ఇందు పెద్ద తత్త్వోపదేశ మేమియు లేదని చదువరులు గమనింపవలెను. నడక, స్నానము, పొరుగువారితో మాట, మానివేసిన చేతిపనిని తిరిగి ముట్టుకొనుట — ఇట్టివే.

అట్లయిన పని యెట్లు మొదలుపెట్టవలెను? న్యాయస్థానములలో ప్రతిదినమును ఆనాటి దావాల పట్టీ యొకటి ప్రకటింతురు. ఆ కోర్టులో వేయి దావాలున్నను ఆనాడు పిలువబడునవి కొన్నియే. మిగిలిన వానికన్నిటికిని వేఱువేఱు వాయిదాలు కలవు. వేయింటిని ఒక్కనాడే పిలిచినచో ఎంతటి న్యాయాధిపతియైనను మొదటి గంటలోనే పీఠము విడిచి పోవును. కష్టములో నున్నవాడు తెల్లవాఱుజామున కన్ను తెఱవగానే చేయున దదియే. పిల్ల పెండ్లి, పిల్లవాని ఫీజు, తాకట్టులోనున్న నగలు, కారుచున్న పైకప్పు, అన్నగారు పదేండ్ల క్రిందట అన్న మాట, రాబోవు తన ముసలితనము — అన్నిటిని ఒక్కసారి పిలుచును. ఒక్కదానిపైనను తీర్పు కాదు. సూర్యుడుదయించుసరికే వాడు రోజంతయు పని చేసినవానివలె డస్సియుండును.

కావున మేము సూచించు మొదటి యభ్యాసము, రాత్రి పండుకొనుటకు ముందే మఱునాటి పట్టీని వ్రాసి పెట్టుకొనుట. అందు మూడు పనులకు మించరాదు. ఒకటి శరీరమునకు, ఒకటి ఇంటికి, ఒకటి ఇంకొక మనుష్యునకు. ఉదయమున వ్రాసికొనవచ్చును గదా యందురేమో. దుఃఖితునకు ఉదయము తీర్మానములు చేయుటకు తగిన వేళ కాదు. ముందే చేసిన తీర్మానమును అమలు జరుపుటకు మాత్రమే యది చాలును. మఱియు వ్రాసికొను పని స్పష్టముగా నుండవలెను. “ఆరోగ్యము చూచుకొనవలెను” అనునది పని కాదు. “ఆఱున్నర గంటలకు వీథి చివర వేపచెట్టుదాక నడిచి రావలెను” అనునది పని. ఎప్పుడు, ఎక్కడ అనునవి లేని ఫిర్యాదును కోర్టు త్రిప్పి పంపినట్లే, అవి లేని సంకల్పమును శరీరము త్రిప్పి పంపును. పీటర్ గోల్‌విట్సరు అను జర్మను విద్వాంసుడు వేళయు చోటును ముందే నిర్ణయించుకొనినవారు తమ సంకల్పములను నెఱవేర్చుట మిక్కిలి యెక్కువయని పరిశోధనలచే చూపియున్నాడు.

పని ఎంత చిన్నదైన నంత మంచిది. సిగ్గుపడునంత చిన్నదైనను సరే. చదువుకొన్నవారి కిక్కడనే చిక్కు. వారు సంకల్పించిన యెడల నేకముగా ప్రతిదినమును గంటసేపు వ్యాయామము, రెండు గంటలు గ్రంథపఠనము అని సంకల్పింతురు, మూడవనాడు తప్పుదురు, నాలుగవనాడు దుఃఖమునకు తోడు అవమానమును మోయుదురు.

తెలుగునాట అందఱు నెఱిగిన యుదాహరణ మొకటి. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతువివాహమును జరిపించిరి. ఆనాటి కలకలమును గూర్చి చెప్పుకొనుచుందుము గాని, తరువాతి దినములను గూర్చి తలంచుట తక్కువ. వెలి వేయబడిన ఇంటికి వంటవారు రారు, నీళ్లు మోయువారు రారు, చుట్టములు రారు. ఆ దినములలో పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు స్వయముగా గోదావరికి పోయి బిందెలతో నీరు తెచ్చి, ఇంటివారికిని వచ్చినవారికిని తామే వండి పెట్టిరి. చరిత్ర వ్రాయువారు దీనిని త్యాగమందురు. త్యాగమే. మేము దాని కింకొక మాట చేర్చుదుము. ఊరంతయు ముఖము త్రిప్పుకొన్ననాడు కూడ ఆ బిందె నిండుటకు ఊరివారి యనుమతి యక్కఱలేదు. రేవుకు పోవుట, నింపుట, తెచ్చుట, దింపుట — మొదలును తుదియు గల పని యది. ప్రతి యుదయమును ముగియునది. పంతులుగారి మహాకార్యమున కానాడు ముగింపు కనబడుట లేదు. బిందె నీటికి కనబడును. కష్టములో నున్నవాని పట్టీలో ఇట్టి పని యొకటియైన నుండవలెనని మా యభిప్రాయము. ఏండ్లకు గాని తేలని కార్యము నెత్తిపై నున్నవానికి, గంటలో ముగియు పని చేతిలో నుండవలెను.

ఇక తనతో తాను మాటలాడుకొను విషయము. కష్టదినములలో మనుష్యుడు తనతో తా నెడతెగక మాటలాడుచునే యుండును. ఆ మాటల తీరు మాత్రము చెడియుండును. “నే నెందులకు పుట్టితిని, నా కెందులకిట్లు” అను ధోరణియే ఎక్కువ. మిచిగన్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఈథన్ క్రాస్ అను విద్వాంసుడును ఆయన సహచరులును 2014లో నొక పరిశోధన ప్రకటించిరి. ఒత్తిడి గల పనికి ముందు ‘నేను’ అని తలపోసికొనువారికంటె, తన్ను తాను పేరుపెట్టి పిలిచి అన్యుని కుపదేశించునట్లు చెప్పుకొనువారు తక్కువ కలవరముతో ఆ పనిని నిర్వహించిరని అందు తేలెను. ఇది విని తెలుగువా రాశ్చర్యపడ నక్కఱలేదు. త్యాగరాజస్వామి (1767–1847) ఎన్ని కీర్తనలలో తన మనస్సును ఎదుట కూర్చుండబెట్టుకొని, “ఓ మనసా” అని పిలిచి, బుజ్జగించియు మందలించియు మాటలాడెనో సంగీత మెఱిగినవారెల్ల నెఱుగుదురు. శతకకారులలోను ఈ పద్ధతి కలదు. మా వృత్తిలోను న్యాయవాది తన దావాను తాను వాదించుకొనరాదని పెద్దలు చెప్పుదురు. ఎంత తెలిసినవాడైనను తన సంగతి వచ్చునప్పటికి తబ్బిబ్బగును. తన పేరుతో తన్ను పిలుచుకొన్నపుడు కక్షిదారు వేఱు, న్యాయవాది వేఱు అగుదురు. “సుబ్బారావూ, ఈ వారములో నీవు చేయగలిగినది బ్యాంకికి పోయి గడువడుగుట యొక్కటియే, దానిని బుధవారము చేయుము” అని సుబ్బారావే సుబ్బారావుతో చెప్పుకొనుట వినుటకు నవ్వు పుట్టించును. పని మాత్రము జరుగును.

రాత్రివేళ చేయదగినదానిని గూర్చి మా యభిప్రాయము పూర్వులతో కొంచెము భేదించును. రోమక తత్త్వవేత్తయగు సెనెకా, కోపమును గూర్చిన తన గ్రంథమున, తన నిత్యాభ్యాస మొకటి చెప్పియున్నాడు. దీపము తీసివేసి, తన యలవా టెఱిగిన భార్య మౌనము వహింపగా, ఆయన తన దినమునంతయు తన యెదుట నిలువబెట్టి విచారణ చేసెడివాడు. ఆరోగ్యముగా నున్నవానికిది చక్కని యభ్యాసమే. కష్టములో నున్నవానికి మేము దీనిని సూచింపము. వాని లోపలి న్యాయాధిపతి యప్పటికే పక్షపాతి. ప్రతివాది నోరు విప్పకముందే శిక్ష వ్రాసి పెట్టుకొని యుండును. సెనెకా తన తప్పులను తాను క్షమించుకొనుచుండెను; మనవారు విచారణను మాత్రము గ్రహించి క్షమను విడిచిపెట్టుదురు.

దానికి మాఱుగా, ఆనాడు జరిగిన పనులను మాత్రము వ్రాసికొనుట మేలు. జరుగనివానిని వ్రాయరాదు. “లేచితిని. స్నానము. వేపచెట్టుదాక పోయితిని. చెల్లెలికి ఫోను చేసితిని, తీయలేదు.” ఇంతే. తీయకున్నను చేయుట జరిగినది గనుక అది పుస్తకములోనికెక్కును. నెల గడచిన పిమ్మట “నే నేమియు చేయుట లేదు” అని మనస్సు వాదించినపుడు సాక్ష్యముగా చూపుటకు పుస్తకముండును. కృతజ్ఞతాంశములను వ్రాసికొను పద్ధతి యొకటి యీ మధ్య మిక్కిలి ప్రచారములో నున్నది. రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మకల్లో అను వారు 2003లో ప్రకటించిన పరిశోధన దీనికి మూలములలో నొకటి. వారానికొకసారి ఐదు మేళ్లను వ్రాసికొన్నవారు, చిరాకులను వ్రాసికొన్నవారికంటె తమ జీవితమును గూర్చి తృప్తిగా నుండిరని యందు తేలినది. మంచిదే. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి చేతికి కాగితమిచ్చి, దేవుడు నీకు చేసిన యైదు మేళ్లు వ్రాయుమనుట మాత్రము క్రౌర్యమని మేము తలంతుము. జరిగిన పనుల పట్టీలో ఆ దోషము లేదు. అది సంతోషింపుమని యెవ్వరిని నిర్బంధింపదు.

ఇంతవఱకు చెప్పినవి ఒంటరిగా చేయదగినవి. ఒంటరిగా చేయదగినవి కొంతదూరమే పోవును. ధైర్యమనునది యెక్కువభాగము ఇంకొకరినుండి వచ్చునదే. అదియు గొప్ప మాటలవలన గాక, వేళకు వచ్చు చిన్న మాటలవలన వచ్చును.

మా కార్యాలయమున నొక వృద్ధ గుమాస్తాగారుండిరి. ఆస్తి పంపకపు దావాలో వాదిగానున్న యొక వితంతువు తొమ్మిదేండ్లపాటు మా యొద్దకు వచ్చుచుండిరి. తఱచుగా మే మామెతో చెప్పునది “వాయిదా పడినదమ్మా” అను మాటయే. గుమాస్తాగారు మాత్రము ప్రతి వాయిదానాటి సాయంకాలమున ఒక చిన్న అట్టముక్కపై రెండు పంక్తులు వ్రాసి యామె చేతికిచ్చువారు: ఈనాడేమి జరిగినది, మఱుసటి తేదీ యెప్పుడు. “మీ భర్తగారి దస్తావేజు ఈనాడు కోర్టువారు దాఖలు చేసికొనిరి. వచ్చు నెల 14న మీ సాక్షి.” ఏమియు జరుగనినాడు “ఏమియు జరుగలేదు, జడ్జిగారు సెలవు” అని వ్రాయువారు. దావా తెగిన పిమ్మట ఆమె యొక గుడ్డసంచి తెచ్చి మాకు చూపిరి. అందులో ఆ యట్టముక్కలన్నియు దారముతో కట్టి యుండెను. “మా యింట్లో నా దావా సంగతి అడిగే దిక్కు లేదండీ. నెలకోసారి నాకూ జాబు వచ్చినట్టుండేది” అనిరి. మా వాదనలను గూర్చి ఆమె యొక్క మాటయు ననలేదు.

ఆ గుమాస్తాగారు ఎఱుగరు గాని, వారు చేసిన పనినే శాన్‌ఫ్రాన్సిస్కోలో జెరోమ్ మోటో అను మానసిక వైద్యుడు పరీక్షకు పెట్టియుండెను. రెండవ ప్రపంచయుద్ధములో సైనికుడుగా నున్నపు డొక యువతి తనకు వ్రాయుచుండిన ఉత్తరములు ఆయన మనస్సులో నిలిచియుండెను. తీవ్రమైన నిరాశతోనో ఆత్మహత్యాయత్నముతోనో ఆసుపత్రిలో చేరి, బయటికి పోయిన పిదప ఏ చికిత్సయు వలదనిన 843 మందిని ఆయన తీసికొనెను. వారిని రెండు వర్గములుగా చేసి, ఒక వర్గమువారికి మాత్రము ఉత్తరములు వ్రాయించెను. మొదటి నాలుగు నెలలు నెలకొకటి, తరువాతి యెనిమిది నెలలు రెండు నెలలకొకటి, పిమ్మట నాలుగేండ్లు మూడు నెలలకొకటి. ఐదేండ్లలో మొత్తము 24 ఉత్తరములు. అందు ఉపదేశము లేదు, ప్రశ్న లేదు, చికిత్సకు రమ్మను పిలుపు లేదు. మీరు వెళ్లి కొంతకాలమైనది, కుశలముగా నున్నారని తలంతుము, వ్రాయవలెననిపించినచో వ్రాయుడు, సంతోషింతుము — ఈ పాటి యర్థము గల రెండు మూడు వాక్యములే.

ఫలితమును మోటోయు బోస్ట్రమ్ అను సహచరుడును 2001లో ప్రకటించిరి. ఉత్తరము లందినవారిలో ఆత్మహత్యలు ఆ యైదేండ్లును రెండవ వర్గమువారికంటె తక్కువగా నుండెను. మొదటి రెండేండ్లలో ఆ భేదము స్పష్టము. ఉత్తరములు నిలిచిన పిదప భేదము క్రమముగా సన్నగిల్లి, పదునాలుగవ సంవత్సరమునాటికి లేకపోయెను. తరువాత ఇతరులు చేసిన పరీక్షలన్నిటను ఇంత ఫలము కనబడలేదనియు చెప్పవలెను. తెహరానులో 2,300 మంది రోగులపై జరిగి 2011లో ప్రకటితమైన పరీక్షలో మాత్రము, కార్డులు పంపబడినవారిలో ఆత్మహత్యాయత్నములును అట్టి తలంపులును తగ్గెను. ఔషధము కాదు, ఉపన్యాసము కాదు. ఒక కాగితమునకు ఇంత శక్తి యుండుటయే విచారింపదగినది. మాకు తోచిన కారణ మిది. ఆ యుత్తరము ఏమియు కోరదు. దుఃఖితునకు వచ్చు మాటలన్నియు వాని యొద్దనుండి ఏదో యొకటి కోరునవే: లెమ్ము, తినుము, ఏడువకుము, మఱచిపొమ్ము. చెప్పినవారి తృప్తికై వాడు కోలుకొన్నట్లు నటింపవలసియుండును. కోరికలేని పలుకరింపు వానికి ఆ శ్రమ తప్పించును.

దీనినిబట్టి, మనము సాధారణముగా పలుకు ఓదార్పు మాటలను కొంచెము పరీక్షించుకొనవచ్చును. “ధైర్యముగా నుండుము” అనునది ఆజ్ఞ. “అంతయు మన మంచికే” అనునది తీర్పు. “నాకును ఇట్లే జరిగినది” అని మొదలుపెట్టువాడు అరగంటలో తన కథ చెప్పి, ఓదార్పు తాను పొంది పోవును. “ఏమైన కావలసిన యెడల చెప్పుడు” అనునది మర్యాదయే గాని, అడుగు భారమును అడుగలేనివానిపైననే పెట్టును. “గురువారము సాయంకాలము ఐదింటికి వచ్చెదను, మాటలాడకున్నను సరే, కలిసి కాఫీ త్రాగుదము” అని చెప్పి, గురువారము ఐదింటికి పోవుట వేఱు.

ఇందొక హద్దు గలదు. ఆకలిగొన్నవానికి బియ్యము కావలెను, ఉత్తరము కాదు. మూడు నెలల జీతము నిలిపిన యజమాని తన కూలివారికి ధైర్యాభ్యాసములను గూర్చి ఉపన్యాస మిప్పించినచో అది ధైర్యదానము కాదు, దగా. అప్పులో నున్నవానికి మొదట కావలసినది లెక్క తెలిసినవాడొకడు ప్రక్కన కూర్చుండి పత్రములను చదివి పెట్టుట. ఇందు న్యాయవాదులు చేయదగినది చాల కలదు. మఱియు, దినములో నెక్కువభాగము, దినము తప్పక, రెండు వారములకు మించి మనస్సు క్రుంగియే యుండి, నిద్రయు ఆకలియు చెడి, ఏ పనియందును రుచి లేకున్నచో అది బలహీనత కాదు, వ్యాధి. వైద్యుని చూపవలెను. చావు తలంపులు వచ్చుచున్న యెడల రెండు వారములు వేచియుండరాదు. భారత ప్రభుత్వము 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సహాయమునకు 14416 అను సంఖ్యకు ఫోను చేసి, రూక ఖర్చు లేకుండ తెలుగులోనే మాటలాడవచ్చును. ఈ సంఖ్యను ఇంటి గోడపై వ్రాసి పెట్టుట పరువు తక్కువ పని యనుకొనువారింకను మన పెద్దకుటుంబములలో కలరు. పరువు పోవునను భయముతో పాముకాటును దాచువా రెవ్వరును లేరు గదా.

చదువరులారా, మీలో నెక్కువమంది ఈ పొద్దు స్వయముగా కష్టములో నుండకపోవచ్చును. మీ రెఱిగినవారిలో నొకరైన నుండియే యుందురు. మోటో వైద్యుని క్రమమును మనుష్యులలో నెవ్వరైన ననుసరింపవచ్చును. దానికి పట్టా యక్కఱలేదు. పోస్టుకార్డు ఈ దేశమున 1879లో కాలణా వెలతో పుట్టినది. అదియు వలదన్నచో చేతిలోని ఫోనున్నది. మేము మా స్నేహితులకు సూచించు పద్ధతి యిది. సానుభూతి చూపుటకు పోయివచ్చిన నాడే, ఇంటికి రాగానే కేలండరును దింపి, ఇరువదినాలుగు తేదీలకు గుర్తు పెట్టుకొనవలెను: నాలుగు నెలలు నెలకొకటి, ఎనిమిది నెలలు రెండు నెలలకొకటి, నాలుగేండ్లు మూడు నెలలకొకటి. జ్ఞాపకము వచ్చినపుడు వ్రాయుదమనుకొన్నచో మూడవదానితో నిలిచిపోవును గనుక తేదీలు ముందే యుండవలెను. గతించినవారి పేరును ఒకటి రెండుసార్లయినను వ్రాయవలెను. ఆ పేరును పలుకువారు తగ్గిపోవుటయే ఆ యింటివారికి సగము దుఃఖము. జవాబు రాలేదని మానరాదు, జవాబు రాలేదని వ్రాయనురాదు. మొదటి కార్డును పదుమూడవనాడే టపాలో వేసినచో పదునాలుగవనాటికో మఱునాటికో అందును.